ఐస్ ఫ్యాక్టరీలో కదలనిది

ఊరి చివర మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఉందే — చీకటి పడ్డాక అటు కాకి కూడా వాలదు. వాచ్‌మన్‌లు నిలవరు. ఒకాయనైతే చెప్పులు కూడా వదిలేసి ఉద్యోగం మానేశాడట. ఆవరణలో తెల్లగా ఏదో నిలబడుతుంది... కదలదు, మెదలదు... అని చెప్పుకుంటారు.

అలాంటి చోటికి డ్రోన్ పట్టుకుని బయల్దేరాడు మన స్టూడియో మావయ్య. పాస్‌పోర్టు ఫోటోలు తీసే మనిషి. కస్టమర్లని "కదలకండి, కదలకండి" అని చంపుకుతింటాడు గానీ, తను గాల్లోంచి తీసినవన్నీ అలుక్కుపోయినవే. చీకట్లో షట్టర్ కొన్ని సెకన్లు తెరిచి ఉంచాలి. అంతసేపూ డ్రోన్ గాల్లో మేకు కొట్టినట్టు ఆగాలి. ఈయన ఆగనిస్తేగా!

"ఫోటో పడేదాకా డ్రోన్‌ని తిప్పే ఆ రిమోట్ పుల్లల మీంచి వేళ్ళు తియ్యండి. అదే నిలబడుతుంది," అని అత్తయ్య మొత్తుకునేది.

"పగ్గాలు వదిలేసి బండి తోలమంటావా? నీకేం తెలుసే!"

ఈసారి ఫోటో క్లబ్బు పోటీలో గెలవకపోతే డ్రోన్‌ని అటకెక్కిస్తానని మావగారి ముందు మీసం మెలేసి మరీ చెప్పొచ్చాడు. పరువూ డ్రోనూ రెండూ ఆ ఒక్క ఫోటో మీదే ఉన్నాయి.

పొద్దు గూకింది. గాలి లేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడలో రిమోట్. ఆవరణలో నిలబడి డ్రోన్ లేపాడు. ఒక ఫోటో... అలుక్కుపోయింది. ఇంకోటి... అదీ అంతే. వేళ్ళు పుల్లల్ని పిసుకుతూనే ఉన్నాయి. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ బటన్ నొక్కాడు.

అప్పుడు... మడమకి ఏదో తగిలింది.

చల్లగా... తడిగా...

కాసేపు ఆయనకి ఏమీ తెలీలేదు. తెలిసేసరికి చుట్టూ ఎవరూ లేరు. డ్రోన్ దింపుకుని ఒకటే పరుగు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే — ఆ చివరి ఫోటో అద్దంలా ఉంది! గోడ మీద ఇటుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆవరణ మధ్యలో... తెల్లగా... ముఖం లేని ఆకారం. దాని పాదాల దగ్గర పొగ.

"ఓసేయ్..." అని అత్తయ్యని కేకేశాడు. "దెయ్యమే..."

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ముందు ఫోటోని, తర్వాత మొగుణ్ణి. "అలాగేనండీ," అని ఊరుకుంది.

ఫస్టు ప్రైజు వచ్చేసింది! క్లబ్బు హాల్లో ఆ ఫోటోని గోడంత తెర మీద వేశారు. కలిసొచ్చిందని అదే తెల్లచొక్కా వేసుకుని మావయ్య మైకు అందుకున్నాడు.

"ఇలాంటి ఫోటోలో కదిలేదేదైనా పొగలా పోతుంది. ఇది ఇంత స్పష్టంగా పడిందంటే ఊపిరైనా తియ్యలేదన్నమాట! ప్రాణమున్న మనిషికి సాధ్యమా? అక్కడ నేను తప్ప నరమానవుడు లేడు!"

"భయం వెయ్యలేదా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"భయమా! చెయ్యి వణికితే ఫోటో ఇలా వస్తుందాండీ?"

అత్తయ్య చప్పుడు చెయ్యకుండా ఆయన వెనక్కి చేరింది. చేతిలో ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసా. వంగి, మడమకి తగిలించింది.

"బాబోయ్!"

మైకు కింద పడింది. రెండు చేతులూ ముఖం మీదికెళ్ళాయి. మావయ్య అలాగే బిగుసుకుపోయాడు — కదలడు, మెదలడు.

హాలంతా ఆయన్ని చూసింది. తెరని చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది.

అత్తయ్య మైకు తీసుకుంది. "ఆ పొగకి తోక కూడా ఉంది, బాగా చూడండి. వీధి కుక్క. పాపం, ఊపుకుంటూ వచ్చి ముక్కు తగిలించింది. పుల్లలు వదిలెయ్యమని ఇన్నాళ్ళూ నేను చెప్తే విన్నారా? కుక్క చెప్తే విన్నారు."