మూడు అని చెప్పే ఇల్లు

ఆ ఇంట్లో పొద్దున్నే ఎవరూ ఎవరినీ "నిద్ర పట్టిందా" అని అడగరు. "ఎంత?" అని అడుగుతారు.

అడిగేది నాన్న. బడిలో పిల్లల చేత పరుగులు తీయించి, గొంతు పోయేదాకా ఈల వేసి రిటైరైన ఆటల మాస్టారు. ఒంట్లో నొప్పి ఎంత అని ఆయన ప్రశ్న. సున్నా అంటే ఏమీ లేదని, పది అంటే ప్రాణం పోతోందని లెక్క. ఐదు దాటితే ఆ రోజు పరుగు బూట్లు తొడగకూడదు. ఆ చట్టం పెట్టి ఎన్నేళ్ళయిందో గానీ, ఐదు దాటిన రోజు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ "మూడు" అనేది. ఇప్పుడు కూతురు అంటోంది. అడిగే ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

కూతురు పళ్ళ డాక్టరు. ఊళ్ళో ఎంత డాక్టరమ్మ అయినా ఇంట్లో మాత్రం పిట్టే.

"ఎంత, పిట్టా?" టీ గ్లాసు ముందుకు జరుపుతూ అడిగాడు నాన్న.

"మూడు."

"ఎక్కడ?"

"పిక్కల్లో నాన్నా, రెండు కాళ్ళకీ. నిన్న చాలా దూరం పోయాను కదా."

"రెండు కాళ్ళకీ అయితే ఫరవాలేదు. ఒళ్ళు వేడెక్కితే అదే సర్దుకుంటుంది."

అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో చూసి పిట్టకే ఆశ్చర్యం వేసింది. నొప్పి పిక్కల్లో లేదు. ఎడమకాలి ముందు ఎముక మీద, చీలమండకు జానెడు పైన, బొత్తాం అంత చోట ఉంది. మొదట్లో పరుగు ఎత్తుకున్నప్పుడు మాత్రమే తెలిసేది, కాసేపటికి పోయేది. ఇప్పుడు పరిగెత్తిన కొద్దీ పెరుగుతోంది. పడుకున్నా వదలడం లేదు. ఈ ఆదివారమే మారథాన్. కిందటిసారి అదే మారథాన్‌కి, భుజాల మధ్య నొప్పి "మూడు" అని చెప్పి బయల్దేరిన అమ్మ, సగం దారిలో వంతెన మీద కూలిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ మిగిలిన సగం తను పూర్తి చెయ్యాలని పిట్ట పంతం.

"మీ తండ్రీకూతుళ్ళ అంకెల బడి అయిపోతే కాస్త పక్కకి జరగండి, నా పిల్లలకి ఆకలేస్తోంది," అంటూ వచ్చాడు పిట్ట మొగుడు. పిల్లలంటే చేపలు. ఆయనది అలంకారపు చేపలు అమ్మే దుకాణం. దుకాణంలో పట్టని తొట్లన్నీ ఇంటి హాల్లోకి చేరాయి. వాటి లైట్లకి హాలంతా ఎప్పుడూ ఆకుపచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉంటుంది.

ఆ హాల్లోనే, గుమ్మం పక్కన, చెప్పుల అలమర. దాని కింది అరలో అమ్మ బూట్లు. ఈ మధ్య వాటి జోలికి పోవాలంటే పిట్టకి వెన్ను జలదరిస్తోంది. ఇంట్లో అన్నిటి మీదా దుమ్ము పడుతుంది, వాటి మీద పడదు. రాత్రి గోడవైపు తిరిగి ఉన్న బూట్లు పొద్దున్నకి గుమ్మంవైపు తిరిగి ఉంటాయి, ఎవరో కాళ్ళు పెట్టి బయల్దేరబోతున్నట్టు. అంతకన్నా భయంకరం ఆ గొంతు. అలారం మోగకముందే, మగతలో ఉండగా, హాల్లోంచి "ఎంత?" అని మెల్లగా వినిపిస్తుంది. లేచి వచ్చి చూస్తే ఎవరూ ఉండరు. నాన్న గది తలుపు మూసే ఉంటుంది. మొగుడితో చెబుదామనుకుంది. "పరుగు పిచ్చి ముదిరింది" అంటాడని నోరు మూసుకుంది.

శనివారం క్లినిక్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. దవడ బూరెలా ఉబ్బిపోయి ఉంది.

"ఏం లేదండీ, కొంచెమే. తగ్గిపోతుందేమో అని చూశా."

"చెయ్యంతా పెట్టి కాదు, ఒక్క వేలితో చూపించండి ఎక్కడో."

ఆయన తడుముకోకుండా వేలు పెట్టాడు. పిట్ట చిన్న అద్దం కాడతో ఆ పన్ను మీద తట్టగానే కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ? ఒకేచోట, ఒక్క వేలికి అందే నొప్పి, రాత్రి కూడా వదలని నొప్పి కొంచెం ఎలా అవుతుంది?" అని కేకలేసింది. ఆ మాట తన చెవిన పడగానే తను కూర్చున్న స్టూలు కింద ఎడమకాలు దానంతటదే వెనక్కి ముడుచుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొగుడు వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసుకుని నిలబడి ఉన్నాడు.

"చేపల మేత వెనక ఈ ఐసు సంచులు ఎవరివి?"

"నావే. పిక్కలకి."

"పిక్కలకా? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నది కూడా పిక్కలకేనా? జబ్బు చేసిన చేప మొదట రాళ్ళ వెనక దాక్కుంటుంది. నువ్వూ అదే చేస్తున్నావు. ఏదీ, ఆ ఎడమకాలి మీద ఒక్కసారి గెంతు, చూస్తాను."

"నేనేం కోతినా గెంతడానికి?"

"గెంతలేవు. అదే నా బాధ."

"మీకేం తెలుసు? కాళ్ళు నావి, నొప్పి నాది. పరిగెత్తేవాళ్ళకి ఇవన్నీ మామూలే!"

"మీ అమ్మకీ మామూలే అయింది."

ఆ మాట అనేశాక ఆయనే నాలుక కరుచుకున్నాడు. పిట్ట మొహం పాలిపోయింది. వంటింటి గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే పిట్ట తయారైంది. మంచం అంచున కూర్చుని బూట్లు తొడుక్కుంది. ఎడమ బూటు తాడు బిగించేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగబట్టి వంగి ఉండగానే, ఓరగా వేసి ఉన్న తలుపు సందులోంచి వినిపించింది.

"ఎంత?"

వెంటనే జవాబూ వినిపించింది. "మూడు."

అమ్మ గొంతు! చెప్పేముందు చిన్నగా ఊపిరి పీల్చుకోవడం, చివర్న కాస్త సాగదీయడం, అచ్చంగా అమ్మే. పిట్ట ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక్క ఉదుటున తలుపు తీసింది.

ఆకుపచ్చ వెలుగులో నాన్న చెప్పుల అలమర ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అమ్మ బూట్లు, చేతిలో తుడిచే గుడ్డ. పిట్ట వైపు తిరిగిన ఆ మొహంలో చుక్క రక్తం లేదు.

"నాన్నా, ఎవరు? ఇప్పుడు అమ్మ..."

"నువ్వే కదమ్మా," అన్నాడు నాన్న. "రోజూ పొద్దున్నే వీటిని తుడుచుకుంటూ అడుగుతాను. మీరు లేచేలోపు లోపలికెళ్ళిపోతాను. ఇన్నాళ్ళలో ఎప్పుడూ జవాబు రాలేదు. ఇవాళ గదిలోంచి నువ్వు పలికావు. మీ అమ్మే వచ్చిందనుకున్నాను పిట్టా, నా గుండె ఆగినంత పనైంది."

పిట్ట తన నోటిమీద చెయ్యి వేసుకుంది. అవును, పెదవులు ఇంకా ఆ మాట దగ్గరే ఆగి ఉన్నాయి. అడగ్గానే అలవాటుగా తనే పలికింది. అమ్మ గొంతుతో, అమ్మ చెప్పిన అంకె. ఆ రోజు అమ్మ కూడా ఇలాగే, నొప్పిని తడిమి చూసుకోకుండానే చెప్పి ఉంటుంది. మూడు అంటే నొప్పి ఎంతో కాదు, నన్ను వెళ్ళనివ్వండి అని.

"మళ్ళీ అడుగుతున్నాను," అన్నాడు నాన్న. "చట్టం లేదు, గిట్టం లేదు. ఎంత?"

పిట్ట తన ఎడమకాలి వైపు చూసుకుంది.

"ఎనిమిది నాన్నా."

"ఎక్కడ?"

పిట్ట గోడకి జారి కూర్చుని, ఎడమకాలి ఎముక మీద ఒక్క వేలు ఆనించింది. ఆనించగానే కెవ్వుమని, చిన్నపిల్లలా ఏడ్చేసింది. నాన్న ఆ బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు. మొగుడు కారు తాళాలతో హాల్లోకి వచ్చాడు. రాత్రంతా ఆయనా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి.

"కారు ఎక్కడికి పోనివ్వమంటావు? పరుగు దగ్గరికా, ఆసుపత్రికా?"

"ఆసుపత్రికి," అంది పిట్ట.

ఎముకలో చీలిక ఉందని తేలింది. ఇవాళ పరిగెత్తి ఉంటే సగం దారిలో రెండు ముక్కలయ్యేదని ఆసుపత్రి డాక్టరు చెబుతుంటే, పిట్టకి ఆ వంతెన కళ్ళ ముందు కదిలింది.

తర్వాత వారం ఒక పొద్దున, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. నాన్న టీ తెచ్చాడు.

"ఎంత, పిట్టా?"

పిట్ట తొందరపడలేదు. కళ్ళు మూసుకుని చూసుకుంది. "నాలుగు. నిన్నటికన్నా తక్కువే. మరి నీకు?"

"నాకేం? పరిగెత్తేది మీరు."

"అడుగుతున్నాను నాన్నా. ఎంత?"

ఆయన నవ్వబోయాడు. ఏదో తేలిక మాట అనబోయి ఆగిపోయాడు. చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

"పది," అన్నాడు. "ఆ రోజు నుంచీ పదే."

"ఎక్కడ?"

నాన్న ఒక్క వేలు ఎత్తి, చెప్పుల అలమర కింది అర వైపు చూపించాడు. పిట్ట కుంటుకుంటూ లేచి వెళ్ళి ఆయన్ని గట్టిగా పట్టుకుంది.