హేమకు వేయని ఆకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లేకుంటే పెద్దల అమావాస్య పూట, లీవు పెట్టుకొని కూడా, బళ్ళారిలో మా ల్యాబ్‌కు వచ్చి ఒక్కదాన్నే ఎందుకు కూర్చుంటాను?

పొద్దున మా అత్త అక్కమ్మ చనిపోయిన పెద్దలందరికీ ఆకులు వేసి వడ్డిస్తాంది. "అత్తా, మా హేమకూ ఒకటి వెయ్యి" అన్నాను. హేమ నా చెల్లెలు. మూడేండ్ల కిందట తారానగర్ గుట్ట ఎక్కుతా ఎక్కుతా కూలిపోయింది. పంతొమ్మిదేండ్లకే గుండె ఆగింది.

"పెండ్లి కాని పిల్లకు ఆకు యాడిదమ్మా? వెయ్యకూడదు" అనింది అత్త.

"ఆకలి కూడా పెండ్లయినోళ్ళకేనా?" అని అరిచి, ఐదేండ్ల నా కూతురు అనుషను ఆమె దగ్గరే వదిలి వచ్చేశాను. దారిలో హోటల్లో రెండు ఓళిగలు, అదే బొబ్బట్లు, ఆకులో కట్టించుకున్నాను. హేమకు ఓళిగలంటే ప్రాణం.

అసలు పని వేరే ఉంది. హేమను చంపింది ఒక జన్యువులో మారిన ఒకే ఒక్క అక్షరం. 1207వ చోట 'జి' ఉండాల్సింది, 'ఏ' ఉంది. ఆ జన్యువును పేరు లేకుండా, నంబరూ వయసూ రక్తం తీసిన తేదీ మాత్రం వేసి, ప్రపంచమంతా చూసే డేటాబేస్‌లో పెట్టింది నేనే. అనుషకూ రక్తం పరీక్ష చేయించాను. నిన్న ఫలితం వచ్చింది. తెరవడానికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు నంబరు కొట్టి డేటాబేస్ నుంచి హేమ జన్యువును దింపాను. దాని కింద అనుషది పెట్టి పోల్చమన్నాను. రెండు వరుసలూ పరుచుకున్నాయి. 1207. పైన ఏ. కింద జి. నా బిడ్డ బతికింది! ఏడుస్తూనే నవ్వాను.

ఒకసారి చూసినది నమ్మకపోవడం మా పనిలో అలవాటు. మళ్ళీ మొదటి నుంచి దింపాను.

ఈసారి హేమది రెండో వెర్షన్ వచ్చింది. పెట్టినవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ మార్చలేరు. నేను మార్చలేదు. వయసు పంతొమ్మిది కాదు... ఇరవై రెండు. రక్తం తీసిన తేదీ... ఈ రోజు.

పైన ఫ్యాన్ ఆగిపోయింది. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. గుట్ట మీద కూలిన రోజు హేమ జడలో నిండిన ఎర్రదుమ్ము వాసన...

1207. హేమకు జి.

అనుషకు... ఏ.

కుర్చీ వెనక ఎవరో ఎగశ్వాస తీస్తున్నారు. గుట్ట ఎక్కి అలిసినట్టు. నేను తిరగలేదు.

"హేమా..." గుసగుసగా అన్నాను. "నీ చంకలో పెరిగిన బిడ్డే అది. దాన్ని వదిలెయ్యవే."

శ్వాస ఇంకా దగ్గరికి వచ్చింది. పాపం, దానికి కోపం కాదు, ఆకలి. నాకు అప్పుడు తెలిసింది. లోకానికంతా దాని జన్యువు పంచాను, ఇంట్లో పిడికెడు అన్నం పెట్టించలేకపోయాను. పొట్లం విప్పి ఆకు నేల మీద పరిచాను. పెద్దలను పిలిచినట్టే మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, కళ్ళు మూసుకున్నాను.

శ్వాస ఆగింది.

ఫోన్ మోగింది. అత్త.

"హిమజా, ఈ పిల్ల ఏందమ్మా అన్నం వద్దంటాది! కడుపు నిండిందంట, ఓళిగలు తిన్నాదంట. మనం ఈడ ఓళిగలు చెయ్యనే లేదు గదా... నోరంతా బెల్లం వాసన!"

నేల మీద రెండు ఓళిగలూ అట్లే ఉన్నాయి.

ఫోన్ చెవికి పెట్టుకునే మళ్ళీ దింపాను. అనుషకు జి. హేమకు ఏ. హమ్మయ్య, అంతా మొదట ఉన్నట్టే ఉంది. హేమ వయసు ఒక్కటి తప్ప.

వయసు... ఐదు.

ఫోన్‌లో, అత్త వెనక నుంచి, నా బిడ్డ గొంతు మెల్లగా అనింది.

"అక్కా... ఇంగొకటి పెట్టవా?"