ఆఖరి పేరా ఏదీ?

"ఆఖరి పేరా ఏదీ?"

సోమవారం పొద్దున్నే స్పోర్ట్స్ డెస్కు ముందుకొచ్చి నిలబడ్డ మనిషి అడిగిన మొదటి మాట అది. నమస్కారం లేదు, పలకరింపు లేదు. చేతిలో శనివారం పేపరు, ఒంటిమీద తోలు ఏప్రన్, దాని వెంట గుర్రాల వాసన.

డెస్కు వెనకున్న అమ్మాయి తలెత్తి చూసింది. ఆఫీసులో అందరూ ఆమెను 'కత్తెర' అంటారు. వచ్చిన వార్త ఎంత పొడుగున్నా పేజీలో ఉన్న చోటుకు సరిపడా కోసి ఇవ్వడం ఆమె పని. కోసేదెప్పుడూ కిందనుంచే. ఎవరైనా ముఖ్యమైనది పైన రాస్తారు, ఊసుపోక రాసేది కింద రాస్తారు. ఆమె సర్వీసులో ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

"ఇంతకీ మీరెవరు?"

"'లాడం మాట' కాలమ్ రాసేవాణ్ణి. రెండేళ్లుగా మీరు నరుకుతున్నవాణ్ణి!"

ఓహో, ఆ మహానుభావుడు ఈయనేనా! రేస్‌కోర్సులో గుర్రాలకు లాడాలు కొడతాడు. గిట్టలు చూసి ఏ గుర్రం గెలుస్తుందో చెప్తాడు. అంతటితో ఊరుకుంటే బాగుండు. లోకంలో ఉన్న ఆటలన్నిటి మీదా ఒంటికాలి మీద లేస్తాడు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు గాలి తగిలినా పడిపోతారంటాడు. గోల్ఫ్‌లో కప్పు ఇవ్వాల్సింది సంచి మోసినవాడికంటాడు. ఒక వారం చోటు మిగిలి అచ్చయిన పేరాలో, క్రికెట్ అంపైర్లకు కూడా గుర్రాలకు కట్టినట్టు కళ్లకు గంతలు కట్టి పంపుతున్నారా అని అడిగాడు. రిటైర్డ్ అంపైరైన ఆమె తండ్రి ఆ రోజు కాఫీ చల్లారిపోయేదాకా అతన్ని తిట్టాడు.

ఇలాంటివి రాసేది ఏ మీసాల ముసలాయనో అనుకుంది. తీరా చూస్తే ముప్ఫై కూడా లేవు. కోపానికి చెవులు ఎర్రబడ్డాయి. అది చూస్తే నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఇంకా ఒళ్లు మండింది.

"శుక్రవారం సాయంత్రం యాడ్ వచ్చింది, చోటు తగ్గింది, కోశాను. మీ అభిప్రాయాలు ఒక్క వారం లేకపోతే కొంపలేం మునగవు."

"మునిగింది! మీరు కోసింది అభిప్రాయం కాదు, రేసు టిప్పు!"

"టిప్పు పైన కదా రాస్తారు?"

"పైన రాస్తే కిందున్నవన్నీ మీరు కోసేస్తున్నారు కదండీ! నా గోల్ఫ్ పేరా ఈ వారం దాకా ఒక్కసారైనా అచ్చయిందా? అందుకే ఆటల సంగతి పైకి జరిపి, టిప్పు కింద పెట్టాను. టిప్పును కోసే మనిషి ఉంటుందని కల్లోనైనా అనుకోలేదు!"

"నన్ను బోల్తా కొట్టిద్దామనుకున్నారన్న మాట! పైగా నా మీద అరుస్తారా?"

"ముందు చదవండి, ఎక్కడ ఆగిందో!" పేపరు బల్ల మీద పరిచాడు.

చదివింది. 'ఈ సీజన్‌లో నాలుగో నంబరు ఆడగుర్రం లాంటిది ఇంకొకటి లేదు.' కాలమ్ అక్కడితో అయిపోయింది.

"దాని తర్వాత ఏం రాశానో తెలుసా? 'అయినా శనివారం దాన్ని పరుగెత్తించకూడదు. కుడి ముందుకాలి గిట్టలో చీలిక ఉంది. ట్రైనర్‌కి చెప్తే చెవిన పెట్టలేదు. రేస్ క్లబ్బు వాళ్లయినా ఆపాలి.' అని రాశాను. ఎవరు చదివారు? పరుగెత్తించారు. సగం దూరంలోనే కుంటుతూ ఆగిపోయింది పిచ్చిది. ఇప్పుడు ట్రైనర్ ఏమంటున్నాడో తెలుసా? చీలిక నేను చూసి దాచానట. పేపర్లో అంతగా పొగిడినవాడు తనతో చీలిక సంగతి ఎందుకు చెప్తాడు, అంటున్నాడు. ఇవాళ పన్నెండింటికి క్లబ్బు సెక్రటరీ ముందు తేలకపోతే, ఇంక నన్ను గుర్రాల శాల గడప తొక్కనివ్వరు. దాని గిట్ట ఎవడు చూస్తాడు?"

కత్తెర పేపర్లో ఆ ఆఖరి లైను మళ్లీ చూసింది. కోసిన ముక్కను తర్వాత తీరిగ్గా చదువుకోవడం ఆమె అలవాటు. ఈసారి చదవనేలేదు.

గబగబా సొరుగు లాగింది. అది నిండా కాగితం ముక్కలే. అన్నీ ఒక్క చేతిరాతే. పై ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. కాగితం అడుగున, ఆఫీసు గేటులో వేసిన గురువారం తేదీ ముద్ర స్పష్టంగా ఉంది.

అతను ముద్ర చూశాడు. తర్వాత సొరుగులోకి చూశాడు.

"ఇవన్నీ నావే కదా! ఈ ఎర్ర ఇంకు ఎవరిది?"

"ఇటివ్వండి!"

ఇవ్వలేదు. పైకి చదివాడు. "'గోల్ఫ్ అంటే చులకనా? ఎండలో పద్దెనిమిది గుంతలూ నడిచి చూపించండి.' ఇదేంటి? 'చదరంగం ఆట కాదు, కూర్చోవడం అంటారా? మా డెస్కులో ఒక పూట కూర్చోండి, తెలుస్తుంది.' మీరు నాతో ఇన్నాళ్లూ పోట్లాడుతున్నారా? నాకు చెప్పకుండానే?"

"పన్నెండింటికి వెళ్లాలన్నారు."

అతను ఇంకో ముక్క తీశాడు. బరువులెత్తే ఆట మీద రాసింది. అంత కష్టపడి ఎత్తి, మళ్లీ అక్కడే పెట్టేస్తారేమిటని అందులో వాపోయాడు. పక్కన ఎర్ర ఇంకుతో ఉంది: 'బస్సులో ఇది చదివి పగలబడి నవ్వాను. పక్కావిడ లేచి వేరే సీటుకు వెళ్లిపోయింది.'

ఆ ముక్క అతను పైకి చదవలేదు. చెవులు మాత్రం మళ్లీ ఎర్రబడ్డాయి.

"దాచారా ఇవన్నీ?"

"దాచలేదు. పారెయ్యలేదంతే. పదండి!"

బయట వాన. ఆమె గొడుగు విప్పి సగం ఇవ్వబోయింది.

"అక్కర్లేదు. చినుకు పడితే పారిపోవడానికి నేనేమన్నా క్రికెటర్నా?"

"మీరు తడిస్తే తడవండి, ఆ కాగితం తడిస్తే ఊరుకోను. రండి లోపలికి!"

వచ్చాడు. క్లబ్బుదాకా ఇద్దరూ ఒక గొడుగు కిందే క్రికెట్ గురించి పోట్లాడుకుంటూ నడిచారు.

సెక్రటరీ గదిలో ట్రైనర్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "పేపరు వాళ్లకి ఇక్కడేం పని?" అన్నాడు.

"తప్పు చేసింది పేపరే, అందుకొచ్చాను!" కత్తెర కాగితం ముక్కను సెక్రటరీ ముందు పెట్టింది. "కోసింది నేను. చదవకుండా కోశాను, సిగ్గుపడుతున్నాను. కానీ ఈయన రెండు రోజుల ముందే రాశారు, ముద్ర చూడండి. ట్రైనర్‌కి చెప్పానని కూడా ఇందులోనే ఉంది. నోరులేని జీవాన్ని కుంటించి, దాని కోసం కొట్టుకున్న మనిషి మీద నింద వేస్తారా? మీకు నోరెలా వచ్చిందండీ?"

సెక్రటరీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, ట్రైనర్ వైపు చూశాడు. ట్రైనర్ కాలు మీంచి కాలు దిగింది. ఆ ఆడగుర్రాన్ని అతని చేతిలోంచి తప్పించి, నయమయ్యేదాకా లాడాలతనికే అప్పగించమని సెక్రటరీ అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు.

శాలలో గుర్రం మూడు కాళ్ల మీదే బరువు వేసి నిలబడి ఉంది. అతను వంగి గిట్ట పైకెత్తి చూపించాడు. సన్నటి చీలిక.

"మూడు నెలలు పడుతుంది. కొత్త గిట్ట దిగుతుంది. పరుగెడుతుంది."

"తప్పు నాది," అంది కత్తెర.

"సగమే మీది. గోల్ఫ్ పేరా కోసం దీన్ని అడుక్కి తోసింది నేను." గుర్రం మెడ నిమురుతూ అన్నాడు. "దీని ముఖం చూడలేకపోతున్నా."

ఆ సాయంత్రం ఎడిటర్ ఏ మూలో రెండు లైన్ల సవరణ వేద్దామన్నాడు. కత్తెర అంతెత్తున లేచింది. మర్నాడు స్పోర్ట్స్ పేజీలో అన్నిటికంటే పైన, కోసిన పేరా మొత్తం అచ్చయింది.

ఆ శనివారం పొద్దున ఆమె తండ్రి పేపరు చదువుతూ మండిపడ్డాడు.

"ఏమిటే ఈ అన్యాయం? టెన్నిస్ వాళ్ల కేకల గురించి ఇంత రాసి, టిప్పిచ్చి, 'చివరగా ఒక్క మాట' అని ఆపేశాడు! ఆ మాట ఏదీ? ఆఖరి పేరా ఏదీ?"

"కోశాను."

"మళ్లీనా! బుద్ధి రాలేదా నీకు?"

"ఈసారి చదివే కోశాను నాన్నా. అది పాఠకులకు రాసింది కాదు."

తండ్రి పేపరు దించి కూతురి ముఖంలోకి చూశాడు. ముప్ఫై ఏళ్లు ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు చూసి తీర్పులు చెప్పిన మనిషి.

"సొరుగులో పెట్టావా?"

"లేదు. నా పర్సులో ఉంది."

"ఏమంటాడు?"

"ఆ ఎర్ర ఇంకు పోట్లాటలన్నీ ఇక మీదట ఎదురుగా కూర్చుని పోట్లాడాలని ఉందట. జీవితాంతం. ముందు మిమ్మల్ని వచ్చి అడగొచ్చా అని రాశాడు."

తండ్రి ముందున్న కాఫీ మళ్లీ చల్లారింది.

"రేపు రమ్మను. అంపైర్లను గంతలు కట్టి పంపుతున్నారా అన్నాడు కదూ? ముందు ఆ సంగతి తేల్చుకుంటాను." పేపరు మళ్లీ ఎత్తి, దాని వెనకనుంచే అన్నాడు. "భోజనానికే రమ్మను. అది ఒక పూటతో తేలే పోట్లాట కాదు."