శెఠఙ డఘఖఙ ఖఘణఘళే

"ఇంత ఆలస్యమా! పొద్దున్నుంచీ మీకోసమే కాచుక్కూర్చున్నాం. అదిగో, వంటింట్లో సింకు దగ్గర. చుక్క పడినప్పుడల్లా నా ప్రాణం పోతోంది," అంది వసపిట్ట తలుపు తీస్తూనే.

బయట వాన దంచి కొడుతోంది. వచ్చిన మనిషి తడిసి ముద్దయ్యాడని అతని బూట్ల కిచకిచే చెబుతోంది.

"అదీ... నేను..." అన్నాడతను.

"నీళ్ళు నమలకండి, ఇప్పటికే ఇల్లంతా నీళ్ళే. రెంచి తెచ్చారా?"

"స్క్రూడ్రైవర్ ఉంది."

"దాంతోనే కుళాయి బాగుచేస్తారా? ఏం పనివారండీ మీరు! సరే, కానివ్వండి."

అతను మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళాడు. కాసేపు కిర్రుకిర్రు, టకటక. తర్వాత చుక్కల చప్పుడు ఆగిపోయింది. వసపిట్ట పర్సు తీసింది.

"ఎంతివ్వమంటారు?"

"ఏమీ వద్దండీ. ట్రయల్ ఫ్రీ."

"కుళాయికి ట్రయలేంటి?"

"కుళాయికి కాదండీ. బ్రెయిలీ నోట్‌టేకర్‌కి. రేడియోలో దాని గురించి చెబుతానని మీరే కబురు పెట్టారు. నేను దాన్ని తయారుచేసిన ఇంజినీర్ని."

వసపిట్ట నాలుక కరుచుకుంది. ఆ నాలుకకి అలాంటి విశ్రాంతి దొరకడం చాలా అరుదు. వసపిట్ట అన్నది ఆమె అసలు పేరు కాదు, నోరు మూతపడని కూతురికి వాళ్ళమ్మ ఇచ్చిన బిరుదు. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. ఆ లోటు నోటితో పూడ్చుకుందని బంధువులంటారు. లోటేం లేదు, ఉన్నది నోరేనని ఆమె అంటుంది.

ఆ నోరే ఆమెకి ఉద్యోగం కూడా తెచ్చింది. చూపు లేనివాళ్ళ కోసం కొత్తగా వచ్చే సామానంతా వాడి చూసి, వారానికోసారి రేడియోలో ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఒక మాట్లాడే కుక్కర్‌ని ఆమె ఉతికి ఆరేస్తే, ఆ కంపెనీ వాళ్ళు సిగ్గుపడి కుక్కర్ గొంతే మార్చేశారు. ఆమె మాట నమ్మి కొనేవాళ్ళు చాలామంది. అందుకే ఆమె మొహమాటాన్ని స్టూడియో గడప తొక్కనివ్వదు.

అతను భోజనాల బల్ల మీద బ్యాగు తెరిచి, యంత్రాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంతేనా? మా అమ్మ కళ్ళజోడు పెట్టెలా ఉందే!"

"అంతేనండీ."

"మా స్కూల్లో బ్రెయిలీ మిషను మోస్తే భుజం పడిపోయేది. ఇది పడేసుకున్నా తెలియదు. రాసుకోండి, ఇది ప్లస్సూ, మైనస్సూ."

ఆమె వేళ్ళు యంత్రాన్ని ఆపాదమస్తకం పలకరించాయి. అవతలి అంచున వరసగా ఆరు మీటలు, ఎడం చేతికి మూడు, కుడి చేతికి మూడు. వాటి మధ్య ఖాళీ వదలడానికి ఒక పొడుగు మీట. ఇవతలి అంచున, తన వైపు, చుక్కలు లేచే పట్టీ. బ్రెయిలీలో ఏ అక్షరానికైనా ఉండేవి ఆరు చుక్కలే, ఎడమన మూడు, కుడిన మూడు. కావలసిన చుక్కల మీటలన్నీ ఒక్కసారి నొక్కితే ఆ అక్షరం పట్టీ మీద లేచి వేలికి తగులుతుంది.

ఆమె ఏదో రాసింది. పట్టీ మీద చుక్కలు పేలాల్లా చిటపటలాడుతూ లేచాయి. తెలుగు! ఒత్తులతో సహా, గుక్క తిప్పుకోకుండా తెలుగు.

ఆమె మాట్లాడలేదు.

"ఏమైందండీ? బాగాలేదా?" అన్నాడు ఇంజినీరు కంగారుగా.

"కాసేపు ఆగండి. చదువుకుంటున్నాను."

ఆమె సంతోషం అతనికెలా తెలుస్తుంది! ఇన్నేళ్ళూ ఆమెకొచ్చిన ప్రతి మెసేజీ ముందు ఫోను చదివేది, తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళు వినేవారు, ఆఖరికి ఆమెకి అర్థమయ్యేది. ఒకసారి కిక్కిరిసిన బస్సులో, పాత క్లాస్‌మేట్ పంపిన ప్రేమ సందేశాన్ని ఫోను కరెంటు బిల్లు చదివినట్టు చదివింది. "ఒప్పేసుకోమ్మా, పాపం," అని కండక్టర్ సిఫారసు చేశాడు. వెనక సీటు పెద్దావిడ మాత్రం తొందరపడొద్దంది. ఆ దెబ్బతో ఆ ప్రేమ వచ్చే స్టాపులో దిగిపోయింది.

ఇప్పుడు తన మాటలు తన వేలి కింద చప్పుడు లేకుండా ఉన్నాయి. ఇంకెవరికీ వినబడవు.

"ఈ తెలుగు ఎవరు చేశారు?" అంది మెల్లగా.

"తెలుగు టేబుల్ నేనే రాశానండీ. అంటే, ఏ చుక్కలు ఏ అక్షరమో యంత్రానికి చెప్పే పట్టిక. మూడేళ్ళు పట్టింది."

"మూడేళ్ళా! అయితే ఓ వారం ఉంచుకుంటాను. తిట్టడానికి ఏదో ఒకటి దొరక్కపోదు."

అతను నవ్వాడు. నవ్వు ముందొచ్చి మాట వెనకాల వచ్చే మనిషి అతను. ఆ నవ్వు కాస్తా వసపిట్ట చెవిలో ఇల్లు కట్టుకుంది.

ఆ వారమంతా అతను సాయంత్రాలు వచ్చాడు. ఒకరోజు సెట్టింగులు చూడాలన్నాడు, ఇంకోరోజు ఛార్జర్ మార్చాలన్నాడు. ఏ సాకూ దొరకని రోజు కుళాయి ఎలా ఉందో కనుక్కోవడానికొచ్చాడు.

"ఈ కుళాయికి పుట్టి బుద్ధెరిగాక ఇంత వైభోగం లేదు," అంది అమ్మ. ఆవిడ ప్రైమరీ స్కూలు టీచరు. పిల్లల దొంగవేషాలు కనిపెట్టడంలో ఆరితేరిన మనిషి.

"మీటలు మరీ టకటకమంటున్నాయండీ," అనేది వసపిట్ట. "మీటింగులో రాసుకుంటే గుర్రం పరిగెత్తిందనుకుంటారు."

"మెత్తవి వేయిస్తాను."

"ఛార్జింగ్ పెట్టే చోటు వెతుక్కోవాల్సొస్తోంది."

"పక్కన వేలికి తగిలే గీత పెట్టిస్తాను."

"అన్నిటికీ ఒప్పుకుంటే ఎలాగండీ? కాస్త పోట్లాడండి! రివ్యూలో పస ఉండొద్దూ?"

"నాకు పోట్లాడటం రాదండీ."

"మరేం వచ్చు?"

అతని బూట్లు బల్ల కింద కిచకిచమన్నాయి. రోజూ బల్లకి అవతలే, ఆమెకి ఎదురుగా కూర్చునేవాడు. పక్కన కూర్చోవడం మర్యాద కాదని అతని నమ్మకం. ఆ మర్యాదే వాళ్ళ కొంప ముంచింది.

ఆఖరి రోజు వచ్చింది. అమ్మ వంటింట్లో ఉంది. అతను రెండుసార్లు గొంతు సవరించుకుని, "ఒక్క వాక్యం నేను రాస్తానండీ. మీరు చదవండి," అన్నాడు. కావాలంటే పైకి చదివే గొంతొకటి యంత్రానికి ఉంది, అది ఆగే ఉందో లేదో కూడా చూసుకున్నాడు.

ఆమె వేళ్ళు పట్టీ మీద పెట్టింది. అతను అవతలి నుంచి చేతులు చాచి మీటలు నొక్కాడు. చుక్కలు లేచాయి. ఆమె ఊపిరి బిగబట్టి చదివింది.

శెఠఙ డఘఖఙ ఖఘణఘళే.

మళ్ళీ చదివింది. మళ్ళీ అదే.

"ఏంటండీ ఇది?" అంది తెల్లబోయి.

కుర్చీ ధడాలున వెనక్కి జరిగింది. "ఏం లేదండీ! తొందరేం లేదు. ఆలోచించుకునే చెప్పండి. మొహమాటం మాత్రం పడొద్దు." బూట్లు కిచకిచలాడుతూ గుమ్మం దాటేశాయి. టీ కప్పులతో వచ్చిన అమ్మకి ఖాళీ కుర్చీ స్వాగతం చెప్పింది.

వసపిట్ట మనసు చివుక్కుమంది. వారమంతా ముత్యాల్లాంటి తెలుగు ఇచ్చిన యంత్రం, చేసినవాడు రాస్తేనే పిచ్చెక్కిపోయింది. ఫోను చేస్తే స్విచాఫ్. ఏం చెయ్యాలి? ఆ మనిషంటే ఇష్టమే, చాలా ఇష్టం. కానీ ఆ ఇష్టం కొద్దీ అబద్ధం చెబితే, రేపు ఒక పిల్ల పరీక్ష హాల్లో ఈ యంత్రం మీద రాసుకుంటున్నప్పుడు ఇలాగే తిరగబడితే?

మర్నాడు రేడియోలో అన్ని సుగుణాలూ చెప్పి, చివర్లో అసలు మాటకొచ్చింది. "కానీ ఆఖర్న నాకొచ్చిన ఆ ఒక్క వాక్యం మాత్రం అర్థంపర్థం లేని చెత్త. చేసినాయనే స్వయంగా రాశారు. ఇలాంటిది ఒప్పుకోవడం నావల్ల కాదు. మీరూ తొందరపడకండి."

స్టూడియో నుంచి బయటికి వస్తుండగా ఫోను పది మందిలో చదివింది. "మీ అభిప్రాయం రేడియోలో విన్నాను. నొప్పించి ఉంటే క్షమించండి. ఇక మీ దారికి అడ్డు రాను. యంత్రం తీసుకోవడానికి రేపు సాయంత్రం వేరే మనిషి వస్తాడు."

"కంపెనీ వాళ్ళ మెసేజా ఇది?" అన్నాడు సౌండ్ ఇంజినీరు. "నాకేదో మనసు విరిగినవాడి మెసేజులా వినబడుతోంది."

వసపిట్టకి ఆ రాత్రి అన్నం సహించలేదు. మాట కూడా సహించలేదు. వాళ్ళమ్మ భయపడింది రెండో దానికే.

మర్నాడు సెలవు. అమ్మ బల్లకి అవతల కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. వసపిట్ట యంత్రాన్ని ముందు పెట్టుకుని ఊరికే నిమురుతోంది.

"ఎలాగూ ఇచ్చేస్తున్నావుగా, నన్నూ ఓసారి నొక్కనీవే," అంది అమ్మ. "నీకు నేర్పడానికి నేనూ నేర్చుకున్నాను కదా బ్రెయిలీ. అన్నీ మర్చిపోయాను గానీ, నీకు నేర్పిన మొదటి మాట గుర్తుంది." చెయ్యి తుడుచుకుని, అవతలి నుంచే మీటలు నొక్కింది. "ఏం రాశానో చెప్పు."

"ఖళ."

"ఖళేంటే? కల! ఎడం చేత్తో మొదటి వేలూ మూడో వేలూ 'క', మూడు వేళ్ళూ కలిపి 'ల'. అంతే కదా?"

"అంతే. కానీ 'ఖళ' అనే వచ్చింది. నీ చేతుల్లోనూ పిచ్చెక్కినట్టుంది దీని..."

మాట సగంలో ఆగిపోయింది. 'క'ని కుడి ఎడమలు తిరగేస్తే 'ఖ'. 'ల'ని తిరగేస్తే 'ళ'. ఇది ఆమెకి తెలియనిదా! చిన్నప్పుడు బడిలో బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, వెనక నుంచి పుల్లతో పొడుస్తూ ప్రతి అక్షరాన్నీ తిరగేసి రాసిన చేతులవి. అమ్మ అవతల కూర్చుంది. అమ్మ ఎడం చెయ్యి పడింది తన కుడిచేతి మీటల మీద!

మరి ఇంకెవరు కూర్చున్నారు అవతల?

గబగబా మొన్నటి వాక్యం వెతికి వేళ్ళ కిందికి తెచ్చింది. 'శ' తిరగేస్తే 'మ'. 'ఎ' తిరగేస్తే 'ఈ'. 'ఠ' తిరగేస్తే 'ర'. 'ఙ' తిరగేస్తే 'ఉ'. మీరు. తర్వాతి మాట, నాకు. ఆ తర్వాతిది కూడబలుక్కోనక్కర్లేదు, అయినా అక్షరం అక్షరం తడుముకుంటూ చదివింది.

మీరు నాకు కావాలి.

"ఏంటే? ముఖం అలా వెలిగిపోతోంది?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా," అంది వసపిట్ట. అమ్మ మూరెడు దూరంలో ఉంది. అయినా ఎవ్వరికీ వినబడలేదు. జీవితంలో మొదటిసారి ఒక ప్రేమలేఖని కండక్టర్ కన్నా ముందు తనే చదువుకుంది. ఆ సంతోషానికి ఏడుపొచ్చింది. ఆ వెంటనే, రేడియోలో ఊరందరికీ తను చెప్పిన జవాబు గుర్తొచ్చి, రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

సాయంత్రం బెల్లు మోగింది.

"కంపెనీ నుంచి వచ్చానండీ. వేరే మనిషిని," అంది ఒక బొంగురు గొంతు. దాని కింద బూట్లు కిచకిచమన్నాయి.

వసపిట్ట పెదవులు బిగపట్టుకుంది. "రండి. ఇంజినీరు గారు కులాసాయేనా?"

"ఏం కులాసా లెండి."

"అయ్యో. తిండి తింటున్నారా?"

"ఏదో... తిన్నాననిపిస్తున్నారు." బొంగురు గొంతు వంటింటి వైపు తిరిగింది. "మీ కుళాయి మళ్ళీ కారుతోందా?"

వంటింట్లోంచి అమ్మ నవ్వు ఫక్కున వినబడింది. వేరే మనిషికి కుళాయి సంగతి తెలియకూడదని గుర్తొచ్చి, బూట్లు గుమ్మం వైపు జరిగాయి.

"కూర్చోండి," అంది వసపిట్ట. యంత్రాన్ని అతని వైపు తిప్పి, తను ఎదురుగా కూర్చుంది. "ఒక్క మాట నేను రాస్తాను. మీరు చదవండి."

అవతలి నుంచి చేతులు చాచి నొక్కింది.

"జ్ఞఠి," అని చదివాడతను. బొంగురు పోయి అసలు గొంతు బయటికొచ్చింది. "జ్ఞఠి ఏంటి? ఇలా రాకూడదే! టేబుల్ పాడైందా?"

"టేబుల్ శుభ్రంగా ఉంది. టేబుల్‌కి అటుపక్క కూర్చున్న మనిషితోనే ఇబ్బంది. మొన్న నాకూ ఇలాగే వచ్చింది. శెఠఙ డఘఖఙ ఖఘణఘళే."

ఎదురుగా ఉన్న బుర్రలో మూడేళ్ళ పట్టికంతా గిర్రున తిరగడం ఆమెకి వినబడినట్టే ఉంది.

"అయ్యబాబోయ్," అన్నాడతను. "మీకు... అలా వచ్చిందా! అయితే మీరు చెత్త అన్నది..."

"ఖఘణఘళేని. మిమ్మల్ని కాదు." ఆమె గొంతు తగ్గింది. "నిజంగా క్షమించండి. అడక్కుండా ఊరంతా చాటాను. మీ యంత్రం తప్పేం లేదని రేపు రేడియోలో చెబుతాను. దానికి నూటికి నూరు. చేసినాయనకి మాత్రం కూర్చోవడం రాదని చెబుతాను."

అతను వినడం లేదు. వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. "'జ్ఞ' తిరగేస్తే 'స'. 'ఠ'కి 'ర'. 'ఇ'కి 'ఏ'..." నవ్వు ముందొచ్చింది. మాట ఇక రానే లేదు.

"సరే అని రాశానండీ," అంది వసపిట్ట. "చదవడానికి ఇంతసేపా? ఇలా అయితే మనం కాపురం చేసినట్టే!"

కుర్చీ బల్ల చుట్టూ ఈడ్చుకుంటూ వచ్చింది. ఈసారి ఆమె పక్కన ఆగింది. యంత్రం మళ్ళీ ఆమె వైపు తిరిగింది. పట్టీ మీద నాలుగు చేతులకి చోటు చాలలేదు, అయినా ఎవరూ తీయలేదు.

టీ తెచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇంత బల్ల ఉండగా ఇద్దరూ ఒకే పక్కన ఇరుక్కున్నారేంటర్రా?"

"ఎదురుగా కూర్చుంటే అక్షరాలు తిరగబడుతున్నాయమ్మా."

"ఓహో. అక్షరాలేనా?"

ఇంజినీరు లేవబోయాడు. "కూర్చో బాబూ. కుదురుగా కూర్చున్నావు, మళ్ళీ లేస్తే ఏం తిరగబడుతుందో," అంది ఆవిడ. టీ కప్పులు బల్ల మీద పెట్టి, అవతల నుంచి వంగి, తనకి గుర్తున్న ఒకే ఒక్క మాట నొక్కింది.

ఇద్దరి వేళ్ళ కిందా 'ఖళ' అని లేచింది. ఇద్దరూ దాన్ని సరిగ్గానే చదువుకున్నారు.