నిద్ర లేపే ఇంజక్షన్

"ఈ మందు ఎవరినీ చంపదు శ్యామ్. లోపల నిద్రపోయేదాన్ని లేపుతుంది. అంతే."

చీఫ్ ఆదిమూలం మామూలు గొంతుతోనే చెప్పాడు. కోడంబాక్కంలో మూతపడిన డబ్బింగ్ థియేటరే 1997లో వాళ్ళ గూఢచారి డిపార్ట్‌మెంటుకు రహస్య ఆఫీసు. లోపలి మాట బయటికి పోదు.

"హార్మోన్ అంటే కొరియర్ అనుకో. రక్తంలో తిరిగి, కణం తలుపు తట్టి, 'పెరగాలి' అని ఆర్డరిస్తుంది. గ్రోత్ ఫ్యాక్టర్ అదే ఆర్డర్ని పక్క కణంనించి తెస్తుంది. మంచి కణం పని కాగానే ఆగిపోతుంది. చెడిన కణానికి ఆగేది తెలీదు. వాల్టర్ అనే దొర ముఠా ఆ రెండింటినీ ఒకే ఇంజక్షన్లో కలిపింది."

"ఎవరికి వేస్తారు సార్?"

"తొండియార్‌పేటలో ఆడవాళ్ళకు. బలం ఇంజక్షన్, ఉచితం. పోయిన నెల టెస్టులు చేసి, రొమ్ములో గడ్డ ఉండేవాళ్ళనే పిలిచినారు. గడ్డలు ఎంత తొందరగా పెరుగుతాయో చూసి, ఆపే మందును వాళ్ళే అమ్ముకుంటారు."

"వద్దని చెబితే?"

"చెప్పినాం. విదేశీ మందంట అని క్యూ ఇంకా పెరిగింది. అందులో ఆరోగ్యమేరి కూడా ఉందిపా."

శ్యామ్ తల వంచుకున్నాడు. అతని భార్య భువనేశ్వరికి ఆఖరి రోజుల్లో నోట్లో నీళ్ళు పోసిన చెయ్యి, ఇంట్లో పనిచేసే ఆరోగ్యమేరిది. భువనేశ్వరికి రొమ్ము క్యాన్సర్. హార్మోన్‌కు తలుపు తీసే రకం గడ్డ. తలుపుకు అడ్డంగా కూర్చునే బిళ్ళ కొన్నాళ్ళు పనిచేసింది. తర్వాత అదీ చాల్లేదు. "నన్ను ఆడదాన్ని చేసిందే నన్ను తింటోందా?" అని ఆమె ఒకరోజు అడిగింది. రోజూ పూజలో శ్యామ్ ఆ ప్రశ్ననే దేవుడి ముందు పెడతాడు. హారతి వెలుగులో ఆమె ముఖం కనబడుతుంది. జవాబు మాత్రం రాదు.

"వాల్టర్ దగ్గర పనిచేసే మధుమిత మందు శాంపిల్ తెచ్చింది. ల్యాబులో ఉంది," అన్నాడు చీఫ్. "రుజువైతే నీ పేజర్‌కు 'కావేరి' అని వస్తుంది. అందాకా ఆ దొరను ముట్టుకోవద్దు. ఎంబసీవాళ్ళు ఊరుకోరు. రేపు సాయంత్రం ఇంజక్షన్లు. సూదుల పెట్టెను తానే మాయం చేసినానని మధుమిత చెప్పింది."

"ఆమె ఎవరి మనిషి సార్?"

"ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటుంది. కణం తలుపుకు అడ్డం కూర్చునే మందుబిళ్ళ మాదిరి, మన తలుపు దగ్గర కూర్చుందో, వాళ్ళ తలుపు దగ్గర కూర్చుందో, రేపే తెలుస్తుంది."

*

ఆదివారం సాయంత్రం ఖాకీ చొక్కా, పెట్టుడు మీసంతో శ్యామ్ ఆటో నడుపుతున్నాడు. వెనక వాల్టర్, ఒళ్ళో ఐస్ ఫ్లాస్కు. పక్కన మధుమిత. ఒకప్పుడు సినిమాల్లో డాన్సర్. ఆమె సెంటు వాసన ఆటో నిండా ఉంది.

"సూదులు లేకుండా ఎలా?" వాల్టర్ ముద్ద ముద్దగా తెలుగు మాట్లాడతాడు.

"దొరుకుతాయి," అంది మధుమిత. "డ్రైవర్, జార్జి టౌన్ పో. కామేశం సర్జికల్స్."

శ్యామ్‌కు ఆ అంగడి తెలుసు. ఆదివారం ఆ వీధంతా మూసే ఉంటుంది. కామేశం మాత్రం అంగడి వెనకే కాపురం. పిలిస్తే తలుపు తీస్తాడు. అది తెలిసిన మనిషే దొరను నేరుగా అక్కడికి తీసుకుపోతోంది.

అంటే అమ్ముడుపోయింది.

దారిలో బండ్లకు అడ్డం పోయి, ఇంజన్ రెండుసార్లు ఆపి, చేతనైనంత ఆలస్యం చేశాడు. పేజర్ మోగలేదు. అద్దంలో ఒక్క క్షణం భువనేశ్వరి కూర్చున్నట్టు కనిపించింది. ఊరికే చూసింది.

కామేశం తలుపు తీశాడు. "ఏందమ్మాయ్, ఆదివారం పూట?"

"డిస్పోజబుల్ సిరంజీలు కావాలి పెదనాయనా. సూదులతో."

"ఈడనే ఉండు." ఆయన స్టూలెక్కి పెట్టె దించాడు. వాల్టర్ చెయ్యి చాచాడు. శ్యామ్ అప్పుడే గుమ్మం దాకా వచ్చాడు. పెట్టె ఆ చేతికి జానెడు దూరంలో ఉంది.

మధుమిత లోపలికి తొంగి చూసింది. "అలివేలు పెద్దమ్మా, ఇంకా దీపం పెట్టలేదా? పొద్దు గూకిపోయిందే."

"అయ్యో, మాటల్లో పడి మరిచేపోయినా," అంటూ కామేశం భార్య అగ్గిపుల్ల గీసింది. దేవుడి గూట్లో వత్తి అంటుకుంది.

కామేశం పెట్టెను వెనక్కి లాక్కుని, దీపానికి దండం పెట్టి, మళ్ళీ స్టూలెక్కాడు.

"దీపం పెట్టినాక సూది ఇయ్యకూడదు. మా తాతకాలంనించీ ఇంతే. రేపు పొద్దున రాండి."

"డబుల్ ఇస్తాను," అన్నాడు వాల్టర్.

"లక్ష్మి ముందర బేరం ఆడతాండావా దొరా?"

వాల్టర్ కోటు లోపల్నించి పిస్తోలు తీశాడు. అలివేలు చేతిలో అగ్గిపెట్టె జారిపడింది. కామేశం దీపానికి అడ్డంగా నిలబడ్డాడు. భయపడ్డాడు కానీ పెట్టె మాత్రం దించలేదు.

శ్యామ్ నడుం దగ్గర పేజర్ వణికింది. కావేరి.

అదే ఊపులో అతను వాల్టర్ మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు ఎగిరిపడింది. దొర చంకలో ఫ్లాస్కు జారి గచ్చు మీద పగిలింది. చల్లటి మందు గడప దాకా పారింది. మధుమిత చెప్పుకాలితో పిస్తోలును మూలకు తోసింది.

"నన్ను అనుమానించినావు గదా?" అంది.

"అవును."

"మంచిదే. ఈ దొర కూడా అనుమానించుంటే దీపం దాకా వచ్చేవాళ్ళం కాదు."

*

తొండియార్‌పేట హాల్లో ఆడవాళ్ళు విసుగ్గా లేచిపోతున్నారు. ఆరోగ్యమేరి మాత్రం బెంచీ మీదే ఉంది.

"బలం ఇంజక్షన్ లేదంట తంబీ. నువ్వే ఆపినావంట?"

"అది బలం ఇంజక్షన్ కాదు. ఉన్న గడ్డను పెంచే మందు." అతను పక్కన కూర్చున్నాడు. "గడ్డ సంగతి ఎందుకు చెప్పలేదు నాకు?"

"అమ్మ పోయిన ఇంట్లో మళ్ళా ఆ మాట ఎట్టా చెప్పేది?"

ఆ గడ్డ మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియదు. ఎవరి ఆర్డర్ మీద ఎవరి కణం పెరుగుతుందో, దేవుడు శ్యామ్‌కు ఎన్నడూ చెప్పలేదు.

"రేపు ఆస్పత్రికి పోదాం. నేనే తీసుకుపోతా."

"ఆడ ఏం చేస్తారు?"

"సూదితో గుచ్చి, కొంచెం తీసి, పరీక్ష చేస్తారు."

ఆరోగ్యమేరి అతన్ని ఎగాదిగా చూసింది. "అది చేసేదానికా తంబీ, ఇంత గలాటా చేసి ఈ సూది ఆపినావు?"

ఈమెకు నచ్చజెప్పడంకన్నా వాల్టర్‌ను ప్రశ్నించడమే సులువనిపించింది శ్యామ్‌కు.