మూలింటి గేటు దగ్గర గవ్వ ఎందుకు కూర్చోలేదు

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పింది మా ఇంటి ఓనరు, మేడమీది దర్జీ. చెప్పిందీ ఆయనే, చెడగొట్టిందీ ఆయనే. నా చొక్కాకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టి, "మీ చెయ్యే పొడుగు పెద్దాయనా" అన్న మనిషి. అలాంటివాడి నోట్లో కథ మాత్రం తిన్నగా ఉంటుందా?

అందుకని కష్టమైనా నేనే రాస్తున్నాను. బడికి పోయింది తక్కువ, చెక్కపనికి పోయింది ఎక్కువ. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. సంగతిలో మాత్రం తప్పు లేదు. చూసింది చూశానంటాను, విన్నది విన్నానంటాను.

మా సందు పెద్దరోడ్డులో కలిసేచోట ఒక ఖాళీ ఇల్లుంది. మూలిల్లు అంటాం. తుప్పుపట్టిన గేటు, గేటు పక్కన వీధిలైటు స్తంభం, వాటి ముందు మురిక్కాలవ మీద ఒక ఇనప మూత. అంతే ఉంది అక్కడ. కానీ చీకటి పడితే ఆ వైపు ఎవరూ మెల్లగా నడవరు.

"అందులో ఒక ముసలావిడ ఉండేది పెద్దాయనా," అని మొదలుపెడతాడు దర్జీ, నోట్లో సూది పెట్టుకుని. "కుక్కలంటే ప్రాణం. ఒక్కతే ఉండి, ఒక్కతే పోయింది. ఇప్పుడు... వాన చినుకు పడిన సాయంత్రాల్లో గేటు దాకా వస్తుంది. దారిన పోయే కుక్క తన కుక్కే అనుకుని... పట్టుకుంటుంది."

"నువ్వు చూశావా?"

"నేను చూడలేదు. కుక్కలు చూస్తాయి."

ఇదీ ఆయన సాక్ష్యం.

కానీ మా సందులో ఉండే నర్సమ్మ కుక్క సంగతి నిజం. వాన సాయంత్రం, ఆ గేటు ముందు, ఎవరో గొంతు నులిమినట్టు అరిచిందట. మెళ్ళో బెల్టు వదులు. అందులోంచి తల లాక్కుని రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి, పాల వ్యాను కింద పడింది. పడటం నేను చూడలేదు. ఖాళీ బెల్టు చేత్తో పట్టుకుని నర్సమ్మ ఇంటికి పోవడం చూశాను. బెల్టుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, మూడో వేలు పట్టకూడదని నేను ఆవిడకి ముందే చెప్పాను. ఈ సందులో నా మాట ఎవరు విన్నారు గనక!

మా గవ్వ సంగతికొస్తాను. గవ్వ నా కూతురి కుక్క. అల్లుడికి రాత్రి డ్యూటీలు. నా కూతురు మందుల గోడౌనులో రోజంతా నిలబడి వచ్చి, గుమ్మంలో గవ్వ పడుకుంటేనే కళ్ళు మూస్తుంది. ముసలి తండ్రి పక్కగదిలో ఉన్నాడన్న ధైర్యం లేదు, కుక్క ఉందన్న ధైర్యం ఉంది. సరే, ఆ మాట వదిలేద్దాం.

దానికి నేర్పింది నేను. కూర్చో అంటే కూర్చోవాలి. పద అంటే లేవాలి. ఒకే మాట, ఒకే గొంతు, ఒక్కసారి. మా అల్లుడు ఫోనులో చూసి నేర్చుకుని, "కూర్చో, కూర్చో, కూర్చోవే తల్లీ, కూర్చోమంటే!" అంటాడు. అన్నిసార్లు చెబితే చివరిసారికి వింటే చాలని అది నేర్చుకోదూ? చెప్పాను. "అలాగే మామయ్యా" అన్నాడు. అలాగే అనడంలో మా అల్లుణ్ణి మించినవాడు లేడు.

అన్నిటికన్నా ముఖ్యం రోడ్డు దగ్గర ఆగడం. సందు అయిపోయేచోట ఆగాలి, కూర్చోవాలి, పద అనేదాకా కదలకూడదు. ప్రాణం కాపాడే పాఠం అది. మా సందు అయిపోయేది మూలింటి దగ్గరే గనక, ఆ ఇనప మూతే దాని పీట. ఎండాకాలమంతా పొద్దున్నా సాయంత్రం అక్కడే కూర్చుంది — తోక చుట్టూ తిప్పుకుని, గీత గీసినట్టు. దెయ్యం అప్పుడు ఏ ఊరెళ్ళిందో దర్జీని అడగాలి.

తర్వాత వానలు పట్టాయి.

ఇక్కణ్ణుంచి అల్లుడు చెప్పింది.

దీపాలు వెలిగే వేళ. సన్నగా చినుకు. మూలింటి దాకా మామూలుగానే నడిచింది. గేటు కనబడగానే నడక తగ్గింది. మెడ మీద వెంట్రుకలు లేచాయి. "కూర్చో" అన్నాడు. మూత మీద ముందుకాళ్ళు పెట్టింది... తీసేసింది. మళ్ళీ "కూర్చో" అన్నాడు. అది గేటు వైపు చూసి మూలిగింది.

అక్కడ ఎవరూ లేరు.

మాట వినకపోతే ఆ చోటనే వినేలా చెయ్యాలని ఫోనులో ఎవడో చెప్పాడట. మా అల్లుడు దాన్ని లాగి, నడుం మీద చెయ్యి వేసి, బలంగా నొక్కి కూర్చోబెట్టాడు.

గవ్వ అరిచింది. కుక్క అరుపు కాదు మామయ్యా, అన్నాడు. మనిషి అరుపులా ఉందట. అరిచి, గిర్రున తిరిగి — అతని మణికట్టు పట్టుకుంది.

రక్తం కారుతూ ఇంటికొచ్చాడు. గవ్వ మంచం కిందికి దూరింది. టీకాలన్నీ వేయించిన కుక్కే అయినా అతనికి సూది మందు వేయించాం. ఆ రక్తం మెట్ల దగ్గర చూసి దర్జీ కిందికి దిగాడు.

"పట్టుకుంది," అన్నాడు గుసగుసగా, మంచం కిందికి వంగి చూస్తూ. "ముసలావిడ పట్టుకుంది. ఇది ఇంక మీ కుక్క కాదమ్మా."

"బాబాయ్‌గారూ, మీకు దణ్ణం పెడతాను. అది భయపడింది, అంతే," అంది నా కూతురు.

"యజమాని చెయ్యి కొరికిన కుక్కని ఇంట్లో పెట్టుకోను. ఆదివారం దాకా చూస్తాను. కుక్కైనా పోవాలి, మీరైనా ఖాళీ చెయ్యాలి."

"ఏమయ్యా, నీకు కథలు కుట్టడం వచ్చినంత బాగా చొక్కాలు కుట్టడం వస్తే—" అన్నాను నేను.

"నాన్నా, మీరు ఊరుకోండి!"

ఊరుకున్నాను. నన్ను ఊరుకోమనడమే గాని, ఆయన్ని ఊరుకోమనేవాళ్ళు లేరు.

అల్లుడు దర్జీ మాటకి మెత్తబడ్డాడు. తెలిసినవాళ్ళకి తోట ఉంది, అక్కడ కట్టేస్తారు అన్నాడు. కట్టేస్తారు! విప్పి పెంచిన కుక్కని. నా కూతురు మర్నాడు సాయంత్రం పనినించి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా, గవ్వకి బెల్టు వేసింది. రెండు వేళ్ళు పెట్టి చూసుకుంది. తాడు చేతికి చుట్టుకుంది.

"ఎక్కడికే, చినుకు పడుతోంది?"

"మూలింటికి. అందరూ చూస్తుండగా అక్కడ కూర్చోబెట్టి తీసుకొస్తాను. అప్పుడేమంటారో చూస్తాను."

నా మోకాళ్ళు నన్ను గుమ్మం దాటనివ్వలేదు. పైన కిటికీ తెరుచుకోవడం విన్నాను. దర్జీ చూస్తున్నాడు.

ఇక్కణ్ణుంచి కూతురు చెప్పింది.

లైటు వెలుగుతోంది. గేటు తడిసి మెరుస్తోంది. సందులో మనిషన్నవాడు లేడు. మూతకి కాస్త ఇవతలే గవ్వ ఆగిపోయింది. కూర్చోలేదు. నా కూతురి కాళ్ళకి అడ్డంగా నిలబడి, ఒళ్ళంతా ఆనించి వెనక్కి నెట్టింది.

"ఏంటే... ఏం చూస్తున్నావు?"

నా కూతురు గేటు వైపు చూసింది. ఎవరూ లేరు. కానీ... ఏదో చప్పుడు. సన్నగా, తేనెటీగ ఇంట్లో చిక్కుకున్నట్టు — గుయ్... మంటూ. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఎక్కణ్ణుంచో తెలియలేదు. గేట్లోంచా... కిందనించా...

వెనక్కి వచ్చేద్దామనుకుంది. పైన కిటికీలో దర్జీ తల కనబడింది. ఆదివారం గుర్తొచ్చింది. గవ్వని పక్కకి జరిపి ఒక అడుగు వేసింది. బురదలో చెప్పు ఇరుక్కుంది. లాగితే వారు తెగి, కాలు ఒక్కటే బయటికొచ్చింది. పడబోతూ గేటు పట్టుకుంది. ఉత్త కాలు మూత మీద పడింది—

పట్టుకుంది.

అదే మాట అంది నా కూతురు. "పట్టుకుంది నాన్నా. చీలమండ దగ్గర. చేతి దగ్గర కూడా. వదలమంటే వదలదు. అరుద్దామంటే దవడ బిగుసుకుపోయింది."

దెయ్యం పట్టుకోవడమంటే ఎలా ఉంటుందో అలాగే ఉందట.

కళ్ళముందు తెల్లగా అయింది. అప్పుడు — రెండో చేతికి చుట్టుకున్న తాడు బిగిసింది. గవ్వ. వెనక్కాళ్ళు బురదలో తన్నిపెట్టి, తల అటూ ఇటూ విదిలిస్తూ, ఉన్న బలమంతా పెట్టి లాగుతోంది. ఎంతసేపో తెలియదు. ఒక్కసారిగా గేటు మీంచి చెయ్యి ఊడింది. ఇద్దరూ వెనక్కి, సందులో వెల్లకిలా పడ్డారు.

ఒక చెప్పుతో ఇంటికొచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి, అది నేను చూశాను. పైనుంచి దర్జీ కేకలు — "చూశాను! నా కళ్ళతో చూశాను! కాలు పట్టి లాగింది! కుక్కే తీసుకెళ్ళి అప్పజెప్పింది!"

నా కూతురు గోడకి ఆనుకుని కూర్చుంది. గవ్వ దాని ఒళ్ళో తల పెట్టింది. కాసేపటికి నా కూతురు నవ్వడం మొదలుపెట్టింది. నిజంగానే ఏదైనా సోకిందా అనుకున్నాను.

"నాన్నా," అంది మెల్లగా. "గోడౌనులో తడికాళ్ళతో ఫ్రిజ్జు తలుపు ముట్టుకున్నాను ఒకసారి. ఇదే. అచ్చం ఇదే. అది దెయ్యం కాదు నాన్నా... కరెంటు."

అప్పుడు నాకు అన్నీ చెక్క అతుకుల్లా ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. చీకటి పడితేనే ఎందుకు? అప్పుడే లైటు వెలుగుతుంది గనక. వానలోనే ఎందుకు? ఎక్కడో తెగిన లైటు తీగ తడికి గేటుకో మూతకో తగులుతోంది గనక. కుక్కలకే ఎందుకు? మనందరికీ రబ్బరు చెప్పులున్నాయి. కుక్కకి చెప్పులు లేవు.

గవ్వ మాట వినకపోవడం కాదు. చెబుతోంది. మేం మనుషులం గనక వినలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్ణి కాదు.

కరెంటాఫీసుకి అల్లుడు చెప్పాడు. లైన్‌మాన్ వచ్చాడు — మిట్టమధ్యాహ్నం, ఎండలో, లైటు ఆరిపోయి ఉండగా. టెస్టరు గేటుకి ఆనించాడు, మూతకి ఆనించాడు. వెలగలేదు. "ఏమీ లేదు తాతగారూ," అని నవ్వాడు.

"సాయంత్రం రావయ్యా. లైటు వెలిగాక, తడిలో చూడు," అన్నాను.

"నా డ్యూటీ అప్పటికి అయిపోతుంది తాతగారూ," అన్నాడు.

రాత్రి డ్యూటీవాణ్ణి పంపమని అల్లుడు ఫోను చేస్తే, పగలు చూసి ఏమీ లేదని రాసేశారు కదా, మళ్ళీ దేనికన్నారట. నేను గేటుకి అట్ట కడితే ఎవడో పీకేశాడు. రాళ్ళు అడ్డం పెడితే, బండికి తగులుతున్నాయని దర్జీయే పక్కకి నెట్టించాడు.

ఇప్పుడు ఆయన పైన కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు: "కరెంటాయనే ఏమీ లేదన్నాడు. ఇంక అది ముసలావిడ కాక ఎవరు?" ఆదివారం పొద్దున్న గవ్వని తోటకి పంపాలట. గవ్వ పోయాక, ఆ సాయంత్రం దీపాలు వెలగ్గానే, తనే స్వయంగా మూలింటికి వెళ్తాడట. ఎవరో చెప్పారట — బిందెడు నీళ్ళు గేటు మీదా మూత మీదా పోసి, గేటు పట్టుకుని ముసలావిడ్ని వెళ్ళిపొమ్మని అడగాలట.

చెప్పులు లేకుండా.

నేను మెట్ల కిందనుంచి అరిచాను. కిటికీ వేసేశాడు. నా కూతురు పైకెళ్ళి చెప్పింది. "కుక్క కోసం ఎంత మాటైనా అంటావమ్మా" అన్నాడు. ఆయన భార్యకి చెప్పాం. "ఆయన ఎప్పుడు నా మాట విన్నారు?" అంది.

ఆయనంటే నాకు పడదు. దాచుకోను. పొట్టి చెయ్యి చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది. కానీ...

ఇది చదివేవాళ్ళలో కరెంటు పని తెలిసినవాళ్ళు, ఆయన నమ్మే మనిషెవరైనా ఉంటే, ఆదివారం లోపల మా మేడ ఎక్కండి. గవ్వకి దెయ్యం పట్టలేదని, నొప్పి పుట్టి కరిచిందని, నా కూతుర్ని పట్టుకుంది ముసలావిడ కాదు కరెంటని, ఇవతలికి లాగింది గవ్వేనని ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పండి. నా పేరు ఎత్తకండి. ఎత్తితే వినడు.