చల్లారేదాకా

"అయ్యయ్యో, అవి తాగకండి!"

ఆ కేక చెవిన పడేసరికే రాకెట్ రెండో కప్పు కూడా ఖాళీ చేశాడు.

రాకెట్ అనేది హార్బర్‌లో తోటి క్రేన్ ఆపరేటర్లు అతనికి పెట్టిన పేరు. మనిషి ఉన్నచోట ఉండడు. లిఫ్ట్ బటన్ ఒక్కసారి నొక్కితే నమ్మకం కుదరక నాలుగుసార్లు నొక్కే రకం. అలాంటి మనవణ్ణి అమ్మమ్మ పట్టుబట్టి ట్రిప్పుకు లాక్కొచ్చింది. టీ తోటల కొండలు చూసుకుని, అతను పనిచేసే రేవు పట్నం మీదుగా సముద్రపు ఒడ్డుకు వెళ్లి, అక్కడ కాళ్లు బారజాపుకుని కూర్చోవాలని ఆవిడ కోరిక. "నిదానంగా తిరుగుదాంరా, మనల్నెవరూ తరమట్లేదు" అన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క షరతు.

ఆ షరతు మొదటి ఉదయమే మంట కలిసింది. టీ ఫ్యాక్టరీలో గైడ్ ఆకు గురించి వివరంగా చెబుతుంటే, రాకెట్ మెల్లగా జారుకుని పక్క గదిలో దూరాడు. అక్కడ పొడవాటి బల్ల మీద తెల్ల కప్పులు వరసగా ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు వచ్చినవాళ్ల కోసం పెట్టారనుకున్నాడు. ఒకటి తాగాడు. పాలూ లేవు, చక్కెరా లేదు. పక్కదైనా బాగుంటుందేమోనని అదీ తాగాడు.

కేక పెట్టిన అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏప్రన్ కట్టుకుని, చేతిలో వెడల్పాటి స్పూన్ పట్టుకుని, ఆ స్పూన్‌తోనే అతన్ని కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు చూసింది.

"ఎవరండీ మీరు?"

"విజిటర్‌ని. టీ ఏం బాగాలేదండీ, మీవాళ్లకి చెప్పండి."

"అది టేస్టింగ్ శాంపిల్! అన్నీ ఒకే నీళ్లతో, ఒకే నిమిషంలో కలిపినవి. పక్కపక్కన పెట్టి రుచి చూస్తేనే ఏది ఎలా ఉందో తెలిసేది. ఇప్పుడు వరసంతా మళ్లీ కలపాలి."

"రెండేగా తాగింది. మిగతావి ఉన్నాయిగా?"

ఆమె చివరి కప్పులోంచి స్పూన్‌తో కాస్త తీసుకుని సర్రుమని పెద్ద చప్పుడుతో పీల్చి, నోట్లో ఒక్క క్షణం తిప్పి, పక్కనున్న బకెట్‌లో ఉమ్మేసింది.

"ఛీ, అంత చెత్తగా ఉందా?" అన్నాడు రాకెట్.

"ఇవాళ్టికి ఇదే మంచి టీ. మేం మంచిదైనా చెడ్డదైనా ఉమ్మాల్సిందే. రోజుకి ఇన్ని కప్పులు మింగితే మనిషి మిగలదు."

వరసంతా మళ్లీ కలిపి, రుచి చూసి ముగించేలోపు కొండ దిగాల్సిన కంపెనీ జీపు ఆమె లేకుండానే వెళ్లిపోయింది. అందులో ఆమె రేవు పట్నం చేరాలి. అక్కడి పెద్ద టీ కంపెనీలో సీనియర్ టేస్టర్ ఉద్యోగానికి ఎల్లుండి పరీక్ష. ఎదురుగా పెట్టిన కప్పులు రుచి చూసి ఏది ఏ తోటదో, ఏ కోతదో చెప్పాలి. ఈ కొండ మీద అసిస్టెంటుగా ఏళ్లు గడిచిపోయాయి, ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. ఇదంతా ఆమె ఫోన్లో అన్నయ్యతో చెబుతుంటే అమ్మమ్మ పక్కనే నిలబడి సాంతం వింది.

"మా కార్లో రామ్మా. నీ బండి తప్పించింది మావాడేగా" అంది.

ఆమె కాసేపు తటపటాయించి, కారు నంబర్ ఫోటో తీసి అన్నయ్యకు పంపింది. తర్వాత రాకెట్‌ని కూడా ఫోటో తీసింది.

"నన్నెందుకండీ?"

"కారు దొరక్కపోయినా మీరు దొరకాలిగా."

అమ్మమ్మ పకపకా నవ్వి ముందు సీట్లో కూర్చుంది.

కొండదారి అంతా పొగమంచు. సన్నగా వాన మొదలైంది. వైపర్లు ఆగకుండా తిరుగుతున్నాయి, పైనున్న చిన్న అద్దంలో వెనక సీటు కనబడుతోంది. రాకెట్ అద్దంలోకి చూసినప్పుడల్లా ఆమె కిటికీలోంచి తోటలు చూస్తోంది. అతను చూడనప్పుడు ఆమె ఎటు చూస్తోందో అమ్మమ్మ ఒక్కదానికే తెలుసు.

"అంత స్పీడెందుకురా? వచ్చింది తోటలు చూడ్డానికి."

"ఆలస్యం అమృతం విషం అన్నారు, అమ్మమ్మా."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నార్లే. అది నీ చెవికెక్కదు."

మలుపులో ఒక టీ బడ్డీ దగ్గర ఆపారు. రాకెట్ తన గ్లాసు ఊదుకుంటూ అప్పుడే ముగించి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, టైర్లు తన్ని చూశాడు. ఆమె మాత్రం గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని ఊరికే కూర్చుంది.

"ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు రాకెట్.

"కాస్త చల్లారనివ్వండి. వేడి మీద అన్ని టీలూ ఒకలాగే ఉంటాయి. చల్లారితేనే దాని సంగతి తెలుస్తుంది."

"పరీక్ష ఎల్లుండి కదా. ఇది రోడ్డు పక్క టీ. దీనికేం సంగతి ఉంటుంది?" వాచీ చూసుకున్నాడు. మళ్లీ చుట్టూ తిరిగొచ్చాడు. "ఇంకా ఎంతసేపండీ? మేడమ్, మీరు టీ తాగుతున్నారా, దానికి కాపలా కాస్తున్నారా?"

"అబ్బబ్బ, తాగేస్తాను! సరేనా?"

ఎత్తి ఒక్క గుక్క మింగింది. మరుక్షణం గ్లాసు కింద పడింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లనిండా నీళ్లతో నిలబడిపోయింది.

బడ్డీవాడిచ్చిన చల్లటి నీళ్లు, అమ్మమ్మ సంచిలోంచి తీసిన తేనె, రాకెట్ పరుగెత్తుకెళ్లి తెచ్చిన ఐస్‌క్రీం అన్నీ ఒకదాని వెనక ఒకటి నోట్లోకి వెళ్లాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు! కాసేపయ్యాక ఆమె అమ్మమ్మ దగ్గర ఒక తేనె చుక్క నాకి చూసి, తల అడ్డంగా ఊపింది.

"తియ్యగా లేదు అమ్మమ్మగారూ. ఏ రుచీ తెలియట్లేదు."

 జీవితంలో మొదటిసారి రాకెట్ కొండదారిలో నెమ్మదిగా కారు నడిపాడు. వెనకనుంచి లారీలు హారన్ కొట్టి దాటిపోతున్నా ఊరుకున్నాడు. ఇప్పుడు అద్దంలో ఆమె వైపు చూసే ధైర్యం లేదు, చూడకుండా ఉండే ఓపికా లేదు.

మరునాడు రేవు పట్నంలో రాకెట్ ఉండే గదిలో దిగారు. లోపల ఆమె అమ్మమ్మ దగ్గర ఉప్పు, పంచదార మార్చి మార్చి నాలుక మీద వేసుకుని చూస్తోంది. రాకెట్ వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఇక ఉండబట్టలేకపోయాడు. ఎవరితోనూ చెప్పకుండా ఆ టీ కంపెనీకి వెళ్లి, హెడ్ టేస్టర్ని కలిసి, జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

జుట్టంతా నెరిసిన ఆ పెద్దాయన విని నవ్వారు.

"నాకూ ఒకసారి కాలింది బాబూ. పెళ్లయిన కొత్తలో మా మామగారు స్వయంగా కలిపి ఇచ్చారు. వేడిగా ఉందని ఆయనతో ఎలా చెప్పను? మింగేశాను. సోమవారం రమ్మనండి. అప్పటికీ నాలుక రాకపోతే మాత్రం నేనేం చెయ్యలేను, వేరేవాళ్లు వరసలో ఉన్నారు."

రాకెట్ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ గదికి వచ్చి శుభవార్త చెప్పాడు. ఆమె మొహం ఎర్రబడింది.

"మిమ్మల్ని ఎవరు వెళ్లమన్నారు?"

"సాయం చేద్దామని..."

"ఆ ఫోన్ నేను చెయ్యాలి. నా నాలుక, నా పరీక్ష. ఏం చెప్పాలో ఆలోచించుకుంటున్నాను. ఇప్పుడు ఆయన దృష్టిలో నేనెవరు? నోట్లో నాలుక లేక ఇంకొకర్ని పంపిన మనిషిని!"

ఈ మాటకు తనకే నవ్వు వచ్చినా ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

"చేసిన తప్పు దిద్దుకోవడానికి కూడా పరుగెత్తుతావేంరా?" అంది అమ్మమ్మ. ఆ మాట రాకెట్‌కి తిట్టు కంటే ఎక్కువగా గుచ్చుకుంది.

ఆమె లాడ్జిలో దిగుతానని బయల్దేరింది గానీ, అక్కడ గోడలకు కొత్తగా వేసిన పెయింట్ వాసన గుప్పుమంది. నాలుక ఎలాగూ పోయింది, ముక్కునైనా కాపాడుకోవాలిగా. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని సముద్రపు ఒడ్డున తాము తీసుకున్న ఇంటికి తీసుకొచ్చేసింది. "వాడితో మాట్లాడనక్కర్లేదు, నాతో మాట్లాడు" అని మాట కూడా ఇచ్చింది.

ఆ మాట ఆమె అక్షరాలా పాటించింది. మంచినీళ్లు కావాలన్నా అమ్మమ్మ ద్వారానే అడిగింది. రాకెట్ ఇసుకలో అటూ ఇటూ నడిచి దారి పడేట్టు చేశాడు. ఒక అల వస్తే చాలు, తర్వాతది ఎందుకు ఆలస్యం చేస్తోందా అని చూసే మనిషికి సముద్రం పెద్ద శిక్ష.

మర్నాడు సాయంత్రం ఆమె తనంతట తనే వచ్చి, కాస్త దూరంగా మెట్టు మీద కూర్చుంది. దూరాన రేవు క్రేన్లు కనబడుతున్నాయి.

"ఒకటి అడుగుతాను. ఇంత తొందర మనిషి ఆ క్రేన్ ఎలా నడుపుతారు?"

రాకెట్ తడుముకోకుండా, మొదటిసారి గబగబా కాకుండా చెప్పాడు. "పెట్టె పైకెత్తేటప్పుడు స్పీడే. పక్కకి తిప్పేటప్పుడూ స్పీడే. కిందికి దించేటప్పుడు చివరి జానెడు దూరం ఉంటుంది చూడండి, అక్కడ మాత్రం ఊపిరి బిగబట్టి దించుతాను. ఎవరు అరిచినా వినను. అక్కడ తొందరపడితే పెట్టె పగులుతుంది, కింద ఉన్న మనిషి చెయ్యి పోతుంది."

ఆమె క్రేన్ల మీంచి అతని వైపు తిరిగింది.

"మరి మనుషుల దగ్గర ఆ జానెడు ఎందుకు గుర్తుండదు మీకు?"

  ఈ అమ్మాయి సోమవారం పరీక్ష పోగొట్టుకుని కొండెక్కి వెళ్లిపోతే తను ఏమైపోతాడో రాకెట్‌కి అప్పుడే తెలిసింది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఆమె నెత్తిన ఇంకో బరువు పడేసినట్టే. చివరి జానెడు అనుకుని మింగేశాడు.

"క్షమించండి. రెండింటికీ" అన్నాడు.

"ఊఁ" అంది ఆమె.

ఆదివారం పొద్దున్నే వాన. అలలకీ వానకీ తేడా తెలియనంత హోరు. రాకెట్ వంటింట్లో దూరి గిన్నెలు చప్పుడు చేసి, మూడు కప్పుల టీ పట్టుకొచ్చాడు. ఆమె ముందు ఒకటి పెట్టి, పక్కన ఒక చిన్న బకెట్ కూడా పెట్టాడు. పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. వాచీ చూసుకోలేదు, మోకాలు ఊపలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మమ్మకి భయం వేసి వాడి నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

కప్పు మీద ఆవిరి పల్చబడింది. పోయింది. అప్పుడు ఆమె సర్రుమని పీల్చి, నోట్లో తిప్పింది. కళ్లు మూసుకుంది. రాకెట్ ఊపిరి బిగబట్టాడు.

"నీళ్లు రెండుసార్లు మరిగించారు."

"అవును, మొదట స్టవ్ ఆపేసి..."

"పొడి ఎక్కువ. పాలు నిన్నటివి." మళ్లీ కాస్త పీల్చింది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇంకా... ఇదేమిటి? స్పూన్! ఈ స్పూన్‌తో ఇంతకుముందు ఎవరో దగ్గు మందు తాగారు!"

"నేనేనే తల్లీ! కడగడం మరిచిపోయాను" అంది అమ్మమ్మ.

ముగ్గురూ ఒక్క క్షణం మొహామొహాలు చూసుకున్నారు. తర్వాత ఆమె చిన్నపిల్లలా కేకవేసి అమ్మమ్మని వాటేసుకుంది. రాకెట్ లేచి గెంతబోయి, తమాయించుకుని కూర్చుని, బకెట్ ఆమె వైపు జరిపాడు.

"ఉమ్మండి."

"ఎందుకు?"

"దగ్గు మందు టీ కదా. మంచిదైనా చెడ్డదైనా ఉమ్మాలన్నారుగా."

"మింగేశాను" అంది ఆమె, కప్పులోకి చూస్తూ. "డ్యూటీలో లేనుగా."

అని మిగతాది కూడా మెల్లమెల్లగా, ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. అమ్మమ్మ తన కప్పు తీసుకుని వాన చూసే నెపంతో వరండాలోకి వెళ్లిపోయింది. రాకెట్‌కి గొంతులో మాట మళ్లీ కదిలింది. ఆమె కూడా ఎదురు చూస్తున్నట్టే ఉంది. "రేపు పరీక్ష" అన్నాడు చివరికి. "ఇవాళ త్వరగా పడుకోండి."

సోమవారం టీ కంపెనీ ఎదుట చెట్టు కింద బెంచీ మీద అమ్మమ్మ, మనవడు కూర్చున్నారు. రాకెట్ వాచీని జేబులో పడేశాడు. పైన ఏ కిటికీ వెనక ఆమె కప్పుల వరస ముందు నిలబడిందో తెలియదు. ఒక్కో కిటికీ మీదా అతని ప్రాణం కాసేపు వాలి లేచింది.

ఎండ బెంచీ మీదికి వచ్చాక ఆమె బయటికి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు. నేరుగా అమ్మమ్మ దగ్గరికి వచ్చి పాదాలకు వంగింది. "వచ్చే నెలలో చేరమన్నారు అమ్మమ్మగారూ."

"నా తల్లే!" అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. "వీడు కూడా పాసయ్యాడమ్మా. నువ్వు లోపలికి వెళ్లినప్పట్నుంచి బెంచీ మీంచి లేవలేదు. నా మీద ఒట్టు."

ఆమె రాకెట్ వైపు తిరిగింది. అతను లేచి నిలబడి, నవ్వి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"కంగ్రాట్స్ అండీ."

"అంతేనా?"

"ఇంకోటి ఉంది. మీ అన్నయ్యగారికి చెప్పి, మీరు ఇక్కడ కుదురుకుని, అంతా కాస్త చల్లారాక అడుగుదామని..."

ఆమె బ్యాగ్ భుజం మీద సర్దుకుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. బడ్డీ దగ్గర అతను చేసినట్టే అతని చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇంకా ఎంతసేపండీ?"